ఏడేళ్లకే ప్యూబర్టీ మొదలైందా? నన్ను అందరూ అడిగే ప్రశ్నలు, నాకు తెలిసిన జవాబులు

మా పాపకి ఏడేళ్ల మూడు నెలలప్పుడు, ఒక ఆదివారం తలంటు పోస్తూ నలుగు పెడుతుంటే "అమ్మా అక్కడ ముట్టుకోకు, నొప్పి" అంది. చూస్తే ఎడమవైపు చనుమొన కింద ఉసిరి గింజంత గట్టిగా తగిలింది. ముందు దోమ కుట్టిందేమో అనుకున్నా, తర్వాత ఆ రాత్రంతా ఫోన్ పట్టుకుని కూర్చుని ఏవేవో చదివి ఏడ్చా. ఇప్పుడు దానికి 13 ఏళ్లు. మధ్యలో మూడేళ్ల పైన ప్యూబర్టీని, అంటే ఒళ్లు పెద్దవాళ్లలా మారడాన్ని, కొన్నాళ్లు ఆపడానికి నెలనెలా ఇంజెక్షన్లు చేయించాం. మాకు తెలిసినవాళ్లలో ఎవరి పిల్లకి ఇలాంటిది వచ్చినా నాకే ఫోన్ చేస్తారు, అడిగేవి ఎప్పుడూ అవే, అందుకే ఒక్కచోట రాసి పెడుతున్నా. నేను డాక్టర్ని కాదు, మందుల సంగతి మీ పిల్లని చూసిన డాక్టరే చెప్పాలి.

అసలు ఎంత వయసులోపు వస్తే "ముందే వచ్చింది" అంటారు?

ఆడపిల్లలకి 8 ఏళ్లు నిండకముందే రొమ్ము పెరగడం మొదలైతే, మగపిల్లలకి 9 నిండకముందే వృషణాలు పెద్దవవడం మొదలైతే దాన్ని ముందస్తు ప్యూబర్టీ అంటారు, డాక్టర్లు రాసే పేరు ప్రికాషియస్ ప్యూబర్టీ. మామూలుగా ఆడపిల్లలకి 8 నుంచి 13 మధ్యలో, మగపిల్లలకి 9 నుంచి 14 మధ్యలో ఎప్పుడైనా మొదలవ్వచ్చు.

ఇక్కడ మనవాళ్లందరూ పొరబడే విషయం ఒకటుంది. మన ఇళ్లలో లెక్క అంతా పెద్దమనిషి అయిన రోజు నుంచే కదా, సమర్తాడిందా లేదా, అంతే. కానీ ఒంట్లో ఆ పని రెండు, రెండున్నరేళ్ల ముందే మొదలైపోతుంది, పీరియడ్స్ రావడం దాదాపు చివరి మెట్టు. పీరియడ్స్ వచ్చాక డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే చెయ్యగలిగింది చాలా తగ్గిపోయి ఉంటుంది. కాబట్టి చూడాల్సింది మొదటి మెట్టు, ఆ ఉసిరి గింజ.

ఒకవైపే గట్టిగా ఉంది, గడ్డేమో? తీయించెయ్యాలా?

వద్దు వద్దు, దయచేసి ఎవరి చేతా కోయించకండి. చాలామంది పిల్లలకి ముందు ఒకవైపే మొదలవుతుంది, రెండో వైపు కొన్ని నెలల తర్వాత వస్తుంది, ముట్టుకుంటే నొప్పి కూడా మామూలే. అది రొమ్ము మొగ్గ, దాన్ని గడ్డ అనుకుని తీసేస్తే ఆ పిల్లకి ఆ వైపు రొమ్ము ఎప్పటికీ రాదు. ఎర్రగా వాచి, జ్వరం ఉండి, చీములా ఉంటే సంగతి వేరు, అప్పుడు వెంటనే చూపించాలి.

మా పాప కొంచెం బొద్దుగా ఉంటుంది, అది కొవ్వేమో కదా?

అవ్వచ్చు. మాకూ మొదట చూపించిన డాక్టర్ ఒకరు చేత్తో నొక్కి కూడా చూడకుండా "ఒళ్లు చేసిన పిల్లలకి ఇంతేనమ్మా, అన్నం తగ్గించండి" అని పంపేశారు, ఆరు నెలలు అలా పోయాయి, ఆ ఆరు నెలలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. కొవ్వయితే మెత్తగా దూదిలా నొక్కుకుపోతుంది, రొమ్ము మొగ్గ అయితే చనుమొన కింద చిన్న బిళ్లలా చేతికి తగులుతుంది. ఇంట్లో మనకి తేడా తెలియకపోవచ్చు, తెలిసిన డాక్టర్ పడుకోబెట్టి వేళ్లతో చూస్తే నిమిషంలో చెప్తారు. కళ్లతో చూసి మాత్రం ఎవరూ చెప్పలేరు.

రొమ్ము లేదు, చంకల్లో వెంట్రుకలు, చెమట వాసన మాత్రం పెద్దవాళ్లలా వస్తోంది. ఇదీ అదేనా?

చాలాసార్లు ఇది వేరే. కిడ్నీల మీద టోపీల్లా ఎడ్రినల్ గ్రంథులు ఉంటాయి, అవి కొంతమందిలో కాస్త ముందే నిద్ర లేస్తాయి, దాంతో వాసన, మొటిమలు, నాలుగు వెంట్రుకలు వస్తాయి, అసలు ప్యూబర్టీ తన టైముకే వస్తుంది. బరువు ఎక్కువున్న పిల్లల్లో ఇది ఎక్కువ. అయినా ఒకసారి చూపించండి, ఎందుకంటే పుట్టుకతో వచ్చే ఒక ఎడ్రినల్ జబ్బు తేలిక రకం కూడా ఇలాగే మొదలవుతుంది. వెంట్రుకలు గబగబా పెరుగుతున్నా, పిల్ల ఒక్కసారిగా పొడుగవుతున్నా, ఆడపిల్లకి గొంతు మారుతున్నా ఆలస్యం చెయ్యొద్దు.

ఏడాదిన్నర పాపకి రొమ్ము ఉంది, ఇదేం ఘోరం?

ఘోరం ఏం లేదండి. రెండేళ్లలోపు ఆడపిల్లల్లో ఇది తరచూ కనిపించేదే, పొడుగు ఒక్కసారిగా పెరగకుండా, ఇంకే మార్పూ లేకుండా ఉంటే చాలామందికి దానంతట అదే తగ్గుతుంది. మూడు నాలుగు నెలలకోసారి చూపిస్తూ కొలతలు రాయించుకుంటే సరిపోతుంది. పెరుగుతూ పోతే మాత్రం టెస్టులు. పుట్టిన వెంటనే పసిపిల్లలకి వచ్చేది తల్లి హార్మోన్ల వల్ల, మంత్రసానులు పాలు పిండాలని నొక్కేవాళ్లు, అలా అస్సలు నొక్కకూడదు, చీము పడుతుంది.

ఎందుకొస్తుంది? మేం ఏం తప్పు చేశాం?

ఈ రెండో ప్రశ్న అడగని తల్లిని నేను చూడలేదు. తండ్రులు పెద్దగా అడగరు, అది వేరే సంగతి.

మెదడు అడుగున హైపోథాలమస్ అని ఒక చిన్న భాగం ఉంటుంది, అది చిన్నతనమంతా ఈ విషయంలో నిద్రపోతూ ఉంటుంది. టైము వచ్చాక జిఎన్ఆర్‌హెచ్ అనే హార్మోన్‌ని గంటకో గంటన్నరకో ఒక విడత చొప్పున కొట్టడం మొదలుపెడుతుంది, దానికి పిట్యూటరీ గ్రంథి లేచి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్లు పంపిస్తుంది, వాటికి అండాశయాలో వృషణాలో లేస్తాయి. ఈ వరస మొత్తం మెదడు నుంచే ముందుగా మొదలైతే దాన్ని సెంట్రల్ అంటారు. మెదడు నిద్రలోనే ఉండి, అండాశయంలో సిస్టు వల్లో, ఎడ్రినల్ వల్లో, బయటి నుంచి ఒంట్లోకి వెళ్లిన హార్మోన్ వల్లో వస్తే పెరిఫెరల్ అంటారు. ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే రెండిటికీ వైద్యం పూర్తిగా వేరు.

ఆడపిల్లల్లో సెంట్రల్ రకం వచ్చినవాళ్లలో ఎక్కువమందికి ఎంత వెతికినా కారణం దొరకదు, గడియారం ముందు మోగింది అంతే. కొందరికి వంశంలో ఉంటుంది, తల్లికి తొమ్మిదికో పదికో వచ్చి ఉంటుంది. 2013లో ఎమ్‌కెఆర్‌ఎన్3 అనే జీన్ సంగతి బయటపడింది, దాంట్లో తమాషా ఏంటంటే ఆ లోపం తండ్రి వైపు నుంచి వస్తేనే పిల్లల్లో బయటపడుతుంది, తల్లి నుంచి వస్తే ఏమీ కనిపించదు. మా అత్తగారు "మీ వైపు పోలికే" అన్న ప్రతిసారీ నాకు ఈ జీన్ గుర్తొచ్చేది, చెప్పలేదు అనుకోండి.

కొద్దిమందికి మాత్రం గట్టి కారణం ఉంటుంది: మెదడులో కంతి, హమార్టోమా అని పుట్టుకతోనే మెదడులో ఉండే చిన్న ముద్ద (క్యాన్సర్ కాదు), తలలో నీరు చేరడం, చిన్నప్పుడు టిబి మెదడువాపు వచ్చి తగ్గడం, తలకి రేడియేషన్ ఇవ్వడం లాంటివి. హమార్టోమా ఉన్న పిల్లల్లో కొందరికి కారణం లేకుండా నవ్వు తెరలు తెరలుగా వస్తుంది, అది ఒక రకం ఫిట్స్, మన ఊళ్లలో అయితే దెయ్యం పట్టిందని తాయెత్తు కట్టిస్తారు.

థైరాయిడ్ బాగా తగ్గిపోయినా కూడా అరుదుగా ఇలా వస్తుంది, వాళ్లలో గుర్తు ఏంటంటే మిగతా పిల్లలు పొడుగు పెరుగుతుంటే వీళ్లు పెరగడం ఆగిపోతారు. థైరాయిడ్ మాత్రతోనే అది సర్దుకుంటుంది.

బ్రాయిలర్ చికెన్, ప్యాకెట్ పాలు వల్లే అంటున్నారు అందరూ?

పెళ్లిళ్లలో, ట్రైన్లో, ఆటోలో, ఎక్కడైనా ఇదే మాట. బ్రాయిలర్ కోడి ఆరేడు వారాల్లో అంత పెరగడానికి కారణం జాతి ఎంపిక, దాణా. షెడ్డులో వేల కోళ్లకి ఒక్కొక్కదాన్ని పట్టుకుని హార్మోన్ సూది పొడిచేంత తీరిక, డబ్బు ఏ రైతుకీ ఉండవు. కోళ్లకి యాంటిబయాటిక్స్ ఎక్కువ వాడటం అనేది నిజమైన సమస్యే, కానీ దానికీ దీనికీ సంబంధం లేదు. పాల సంగతికొస్తే గేదెలకి పాలు చేపడానికి కొందరు దొంగచాటుగా ఆక్సిటోసిన్ పొడుస్తారు, అది తప్పే, గేదెకి హింసే, కానీ ఆక్సిటోసిన్ ప్యూబర్టీ తెచ్చే హార్మోన్ కాదు, పైగా కడుపులోకి వెళ్తే అరిగిపోయే రకం.

నువ్వులు, బొప్పాయి వేడి చేసి ముందే తెచ్చేస్తాయని మా అమ్మ ఆర్నెల్లు ఇంట్లో నువ్వుల డబ్బా కనిపించకుండా దాచింది. దానికీ ఆధారం ఏం లేదు, పిల్ల పాపం చిమ్మిలి అడిగి అడిగి ఊరుకుంది. బరువుకి మాత్రం సంబంధం ఉంది, ఆడపిల్లల్లో ముఖ్యంగా. కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోన్ పంపి "ఒంట్లో నిల్వలు సరిపడా ఉన్నాయి" అని మెదడుకి చెప్తాయి, అందుకే చికెన్ మానేసి బేకరీ పఫ్ పెడితే లాభం లేదు. అలాగని సన్నగా ఉన్న పిల్లలకి రాదా అంటే వస్తుంది.

ఒకటి మాత్రం ఇంట్లో చూసుకోండి. పెద్దవాళ్లు వాడే హార్మోన్ జెల్‌లు, క్రీములు పిల్లల ఒంటికి అంటకూడదు. తండ్రి టెస్టోస్టిరాన్ జెల్ రాసుకుని చొక్కా లేకుండా పిల్లని ఎత్తుకుంటే పిల్లకి ఎక్కిన కేసులు ఉన్నాయి.

ఇదివరకు ఇలా లేదు కదా, నిజంగా ఎక్కువవుతోందా?

మొత్తంగా వయసు కిందికి జరుగుతోంది, అది నిజం. కోపెన్‌హాగన్‌లో 1991లో, మళ్లీ 2006లో ఆడపిల్లల్ని పరీక్షించి చూస్తే రొమ్ము మొదలయ్యే సగటు వయసు 10.9 నుంచి 9.9కి దిగింది, అదీ పదిహేనేళ్లలో. కోవిడ్ లాక్‌డౌన్ తర్వాత ఇటలీలో, టర్కీలో, మన దేశంలో కూడా ఆస్పత్రులకి ఇలాంటి పిల్లలు ఎక్కువ వచ్చారని డాక్టర్లు రాశారు. కదలకపోవడమా, బరువా, నిద్రా, టెన్షనా, లేక తల్లిదండ్రులు రోజంతా ఇంట్లో ఉండి పిల్లల్ని దగ్గరగా చూడటమా, అన్నీ కలిసుండొచ్చు.

ఇంకో ముచ్చట, నాకు భలే ఆశ్చర్యం వేసింది. మన దేశం నుంచి స్వీడన్ వాళ్లు దత్తత తీసుకున్న ఆడపిల్లల్ని అక్కడ పరిశీలిస్తే సగం మందికి 11.6 ఏళ్లకే పీరియడ్స్ వచ్చేశాయి, అక్కడి పిల్లల కంటే బాగా ముందు. చిన్నప్పుడు తిండి సరిగా లేక, తర్వాత ఒక్కసారిగా దండిగా తిండి దొరికి గబగబా ఎదిగిన ఒళ్లు ప్యూబర్టీకీ తొందరపడుతుందని దాన్నిబట్టి అనుకుంటున్నారు.

క్లాసులో అందరికంటే పొడుగ్గా ఉంది, మంచిదే కదా?

ఇదే మోసం. ముందు ఎత్తు బాగా పెరుగుతుంది, చుట్టాలందరూ దిష్టి పెట్టేంత పెరుగుతుంది, మనం మురిసిపోతాం. కానీ ఆ పొడుగు తెచ్చిన ఈస్ట్రోజెన్ అనే హార్మోనే ఎముక చివర్లలో పెరిగే భాగాన్ని తొందరగా మూసేస్తుంది (మగపిల్లల్లో కూడా ఆ పని చేసేది ఈస్ట్రోజెనే), మూసుకున్నాక ఇంక పెరగడం ఉండదు. మూడో క్లాసులో వెనక బెంచీలో కూర్చున్న పిల్ల తొమ్మిదో క్లాసుకి వచ్చేసరికి ముందు బెంచీకి వస్తుంది.

మా పాపది ఏడేళ్ల తొమ్మిది నెలలప్పుడు ఎముకల వయసు ఎంతో చూడ్డానికి ఎడమ చేతికి ఎక్స్‌రే తీశారు. డాక్టర్ ఒక లావుపాటి పాత పుస్తకం తీశారు, అందులో పేజీకో చెయ్యి ఎక్స్‌రే బొమ్మ ఉంది, మా పాప ఫిల్మ్‌ని లైటు మీద పెట్టి పక్కన పుస్తకం పెట్టి పేజీలు తిప్పుతూ వెళ్లారు, ఏడు దాటారు, ఎనిమిది దాటారు, తొమ్మిది దాటారు, పదేళ్ల బొమ్మ దగ్గర ఆగారు. ఆ పేజీలు తిరుగుతుంటే నా గుండె ఎలా కొట్టుకుందో నాకే తెలుసు. 127 సెంటీమీటర్ల పిల్ల, ఎముకలు చూస్తే పదేళ్లవి, ఇలాగే వదిలేస్తే 147 దగ్గర ఆగొచ్చని లెక్క కట్టి చెప్పారు.

మీ పిల్ల ఎత్తు ఎంత వరకు రావాలో ఇంట్లోనే ఒక అంచనా వేసుకోవచ్చు. అమ్మాయికి తండ్రి ఎత్తులోంచి 13 సెంటీమీటర్లు తీసేసి తల్లి ఎత్తు కలిపి సగం చెయ్యండి, అబ్బాయికి తల్లి ఎత్తుకి 13 కలిపి తండ్రి ఎత్తు కూడి సగం చెయ్యండి. మా ఆయన 168, నేను 154, అంటే పాపకి 154న్నర. ఇది అంచనాయే, కొన్ని సెంటీమీటర్లు అటూ ఇటూ ఉంటుంది.

ఎవరికి చూపించాలి? ఏం టెస్టులు చేస్తారు?

ముందు మీ పిల్లల డాక్టర్, అక్కడి నుంచి పీడియాట్రిక్ ఎండోక్రైనాలజిస్ట్ దొరికితే మంచిది, లేదంటే ఎండోక్రైనాలజిస్ట్. గైనకాలజిస్ట్ దగ్గరికి పరిగెత్తుతారు చాలామంది, కానీ ఇది హార్మోన్ల, ఎదుగుదల సంగతి. గవర్నమెంట్ వైపు చూస్తే హైదరాబాద్‌లో ఉస్మానియా, నిమ్స్, వైజాగ్‌లో కెజిహెచ్, తిరుపతిలో స్విమ్స్, వీటిలో ఎండోక్రైనాలజీ విభాగాలు ఉన్నాయి.

మొదట ఎత్తు, బరువు కొలిచి, ఒళ్లంతా చూసి ఏ స్టేజిలో ఉందో రాస్తారు, టానర్ స్టేజి అంటారు, 1 నుంచి 5 వరకు. చర్మం మీద కాఫీ రంగు పెద్ద మచ్చలు ఉన్నాయా అని కూడా వెతుకుతారు, అవి ఎముకల సమస్యతో కలిసి వచ్చే ఒక అరుదైన జబ్బుకి గుర్తు. తర్వాత చేతి ఎక్స్‌రే, రక్తంలో ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ఈస్ట్రాడయోల్ (ఈస్ట్రోజెన్‌లో ముఖ్యమైన రకం) లేదా టెస్టోస్టిరాన్, థైరాయిడ్. ఆడపిల్లలకి పొట్ట మీద నుంచే స్కానింగ్, గర్భాశయం సైజు చూడ్డానికి. మామూలు ఎల్‌హెచ్ 0.3 దాటితే సెంట్రల్ అనే అనుమానం గట్టిపడుతుంది. సందేహంగా ఉంటే స్టిమ్యులేషన్ టెస్ట్ చేస్తారు, అంటే చేతి నరానికి క్యాన్యులా అనే సన్న గొట్టం పెట్టి మందు ఇచ్చి, టైము చూసి రక్తం తీస్తారు, ఎల్‌హెచ్ 5 దాకా ఎగబాకిందంటే మెదడు లేచినట్టే. ఆ రోజు సగం పూట పడుతుంది, పిల్లకి ఇష్టమైన బొమ్మల పుస్తకమో ఏదో పట్టుకెళ్లండి, మేం అష్టాచెమ్మా పట్టుకెళ్లాం, నర్సు కూడా ఒక ఆట ఆడింది.

ఎమ్మారై అన్నారు, భయంగా ఉంది.

మగపిల్లలకి సెంట్రల్ అని తేలితే దాదాపు అందరికీ, ఆడపిల్లల్లో 6 ఏళ్లలోపు వాళ్లకి, ఏ వయసైనా తలనొప్పి, వాంతులు, చూపు తేడా, ఫిట్స్ ఉంటే చేయిస్తారు. 6 నుంచి 8 మధ్య ఆడపిల్లలకి వేరే గుర్తులేవీ లేకపోతే అవసరమా కాదా డాక్టర్ మాట్లాడి చెప్తారు. ఎమ్మారైలో రేడియేషన్ ఉండదు, గోల ఎక్కువ అంతే, చిన్నపిల్లలకి మత్తు ఇస్తారు.

మగపిల్లల గురించి ఎవరూ మాట్లాడరేంటి?

అవును, ఎందుకంటే ఎనిమిదేళ్లకి గొంతు మారి నూనూగు మీసం వస్తే "వీడు తాత పోలిక, మగాడు" అని నవ్వేసి వదిలేస్తారు. నిజానికి మగపిల్లల్లో ఇది తక్కువ మందికి వస్తుంది కానీ వస్తే లోపల ఏదో కారణం ఉండే అవకాశం ఆడపిల్లల కంటే ఎక్కువ, కాబట్టి అసలు వదలకూడదు. డాక్టర్ దగ్గర చిన్న నుంచి పెద్ద దాకా పన్నెండు పూసలు గుచ్చిన దండ ఒకటి ఉంటుంది, దానితో వృషణం సైజు పోల్చి చూస్తారు, 4 మిల్లీలీటర్ల పూసంత ఉంటే మొదలైనట్టు. రెండూ పెరిగితే మెదడు వైపు, అవి చిన్నవిగానే ఉండి వెంట్రుకలు, అంగం పెరిగితే ఎడ్రినల్ వైపు, ఒక్కటే పెరిగితే కంతి ఉందేమోనని చూస్తారు. ఒక్క దండతో ఇంత తెలుస్తుంది.

అందరికీ ఇంజెక్షన్లు వెయ్యాల్సిందేనా?

లేదు. ఏడున్నర, ఎనిమిది దగ్గర మొదలై మెల్లగా నడిచే రకం పిల్లలు చాలామంది ఉంటారు, వాళ్లని ఆరు నెలలు చూస్తూ కొలిస్తే మామూలు ఎత్తే వస్తుందని తెలిసిపోతుంది. 6 ఏళ్లలోపు మొదలైన పిల్లలకి ఎత్తులో లాభం బాగా ఎక్కువ, 8 దాటాక మొదలుపెడితే ఎత్తు కోసం అయితే పెద్ద లాభం లేదు. మధ్యలో వాళ్లకి ఎముక వయసు, వేగం, పిల్ల మనసు, ఇల్లు, అన్నీ చూసి చెప్తారు. "భయంతో వేయించకండి, బద్ధకంతో మానకండి" అని మా డాక్టర్ అనేవారు, నేనైతే ఆ రెండూ చేసే తల్లిదండ్రుల్ని చూశాను.

పెరిఫెరల్ రకానికి ఈ ఇంజెక్షన్ పని చెయ్యదు, అక్కడ కారణాన్ని బట్టి వైద్యం. ఎడ్రినల్ జబ్బుకి హైడ్రోకార్టిసోన్, థైరాయిడ్‌కి థైరాక్సిన్, కంతి ఉంటే ఆపరేషన్.

ఆ ఇంజెక్షన్ ఏంటి, ఎలా ఆపుతుంది?

ల్యూప్రోలైడ్ లేదా ట్రిప్టోరెలిన్. ఇది వింతగా ఉంటుంది: ప్యూబర్టీ మొదలుపెట్టే హార్మోన్‌కి నకలునే ఇచ్చి ప్యూబర్టీని ఆపుతారు. మెదడు విడతలు విడతలుగా తలుపు తడితేనే పిట్యూటరీ పలుకుతుంది, ఎవరో బెల్లు మీద వేలు పెట్టి తియ్యకుండా నొక్కి పట్టుకున్నారనుకోండి, కాసేపటికి లోపలివాళ్లు విసిగి పట్టించుకోవడం మానేస్తారు, అలా అన్నమాట. 1981లోనే పిల్లలకి ఇలా వాడి చూశారు, అంటే ఇది కొత్త ప్రయోగం ఏం కాదు.

మన దగ్గర ఎక్కువగా 28 రోజులకోసారి 3.75 మిల్లీగ్రాములది, లేదా మూడు నెలలకోసారి 11.25ది వేస్తారు. అమెరికాలో ఉన్న మనవాళ్ల పిల్లలకి చేతి చర్మం కింద పెట్టే ఇంప్లాంట్ కూడా ఇస్తారు, హిస్ట్రెలిన్, ఏడాదికోసారి, అది 2007 నుంచి అక్కడ ఉంది. ఖర్చు నెలకి వేలల్లోనే ఉంటుంది, కంపెనీని బట్టి రేటు తేడా బాగా ఉంటుంది, కాబట్టి సిగ్గుపడకుండా డాక్టర్ని అడగండి, మందు పేరు అదే ఉండి తక్కువకి దొరికేది ఉందేమో చెప్తారు.

మొదటి డోసు తర్వాత రెండు వారాల్లో కొందరు ఆడపిల్లలకి కొంచెం బ్లీడింగ్ కనిపిస్తుంది. మాకు ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ రోజు బాత్రూంలోంచి పాప పిలిచిన పిలుపుకి నేను పడిపోయేదాన్ని. మొదట్లో ఆ గ్రంథి ఒకసారి ఎగిరి తర్వాత పడుకుంటుంది, దానివల్ల. తర్వాత తర్వాత డోసులకి కూడా వస్తుంటే మాత్రం చెప్పాలి.

సైడ్ ఎఫెక్ట్స్ ఉంటాయా? రేపు పెళ్లయ్యాక పిల్లలు పుట్టరేమో?

సూది పొడిచిన చోట నొప్పి, ఎర్రదనం, అప్పుడప్పుడు గడ్డ, కొందరికి తలనొప్పి, ఒళ్లు వేడెక్కినట్టు అనిపించడం. తలనొప్పితో పాటు చూపు మసకబారితే ఆగకుండా వెంటనే డాక్టర్‌కి చెప్పండి, మెదడు చుట్టూ ప్రెజర్ పెరగడం అనేది అరుదుగా జరుగుతుంది. ఎముకల గట్టిదనం వాడేటప్పుడు కాస్త తగ్గినా ఆపాక మళ్లీ పుంజుకుంటుంది, అయినా పాలు, రాగులు, ఎండ, ఆటలు మానకూడదు. పిల్లలు పుట్టకపోవడం అనే భయానికి ఆధారం లేదు, ఇవి వాడిన పిల్లలు పెద్దయి మామూలుగానే తల్లులయ్యారు, మందు ఆపితే గడియారం మళ్లీ నడుస్తుంది.

ఇంకోటి, ఇంజెక్షన్ మొదలయ్యాక పొడుగు పెరగడం నెమ్మదిస్తుంది, ఏడాదికి 5 సెంటీమీటర్ల దగ్గర. "డబ్బులు పోసి పొట్టి చేస్తున్నారు" అని మా ఆడపడుచు అంది. అది నెమ్మదించాలనే కదా వేసేది, ఎముక వయసు కూడా దానితోపాటు నెమ్మదిస్తుంది.

ఊరెళ్లి పది రోజులు లేటైంది, ఏమవుతుంది?

ఒక్కసారికి కొంప మునగదు కానీ అలవాటు చేసుకోవద్దు. లేటయితే మందు పట్టు వదిలి గ్రంథి మళ్లీ మేలుకుంటుంది, ఖర్చు పెట్టింది వృథా. సంక్రాంతికి ఊరెళ్లేముందే వేయించుకుని వెళ్లేవాళ్లం, వంటింటి క్యాలెండర్లో 28 రోజులకోసారి పాప తనే పెన్నుతో చుక్క పెట్టేది. ఏ మందు ఫ్రిజ్‌లో పెట్టాలో ఏది అక్కర్లేదో డబ్బా మీద రాసుంటుంది, చదవండి, మెడికల్ షాపు అతని మాట మీద వదలొద్దు.

ఎప్పటిదాకా? ఆపాక పీరియడ్స్ ఎప్పుడొస్తాయి?

మామూలుగా 11 ఏళ్ల దగ్గర, ఎముక వయసు 12 దగ్గరికి వచ్చేసరికి ఆపుతారు. ఆపాక ఏడాది, ఏడాదిన్నరకి పీరియడ్స్ వస్తాయి. మాది 11కి ఆపాం, 12 ఏళ్ల మూడు నెలలకి వచ్చాయి, క్లాసులో సగం మందికి అప్పటికే వచ్చేసి ఉన్నాయి. ఇప్పుడు 152 ఉంది, ఇంకొంచెం పెరగొచ్చు అన్నారు.

ఎనిమిదికే పీరియడ్స్ వచ్చేశాయి, ఫంక్షన్ చెయ్యాలా?

ముందు డాక్టర్. రొమ్ము అస్సలు పెరగకుండా ఉత్త బ్లీడింగ్ వచ్చిందంటే అది పీరియడ్ కాకపోవచ్చు, దెబ్బ, ఇన్ఫెక్షన్, లోపల ఏదైనా ఇరుక్కోవడం, ఎవరైనా పిల్లని ఇబ్బంది పెట్టడం, ఇవన్నీ చూడాలి. వెంటనే తీసుకెళ్లండి.

ఇక ఫంక్షన్ అంటారా, మూడో క్లాసు పిల్లకి ఓణీ చుట్టి, వీధి మొగలో ఫ్లెక్సీ కట్టి, ఊరందరికీ ఫొటో చూపించడం నాకు ఏ కోశానా నచ్చదు, ఎవరు ఏమన్నా సరే. మేనమామ చీర తెచ్చాడు, తాటాకుల మీద కూర్చోబెట్టాలి అంటారు, పెద్దవాళ్ల ముచ్చట నాకూ అర్థమవుతుంది, ఇంట్లోవాళ్ల మధ్య నలుగురు కూర్చుని పరమాన్నం తింటే ఏం తక్కువ? ఏ పిల్లకైనా వేరే కంచం, వేరే గది మాత్రం వద్దు, ఎనిమిదేళ్ల పిల్ల తను ఏదో తప్పు చేసిందనే అనుకుంటుంది.

పిల్లకి ఏం చెప్పాలి? స్కూల్లో ఎలా?

ఒళ్లు పదకొండేళ్లదిలా ఉన్నా లోపల ఉన్నది ఏడేళ్ల పిల్లే, ఇంకా బొమ్మని పక్కలో పెట్టుకుని పడుకుంటుంది. కానీ చుట్టూ ఉన్నవాళ్లు మర్చిపోతారు, "ఇంత ఎదిగావ్, ఇంకా ఏడుస్తావా" అంటారు, మా డాన్స్ టీచర్ కూడా అలాగే అనేది. పిల్లకి ఉన్నమాట చెప్పండి. "అందరికీ వచ్చేదే, నీకు కొంచెం తొందరగా వచ్చింది, డాక్టర్ దాన్ని కాసేపు ఆగమంటున్నారు" అని చెప్తే మా పాప అడిగిన ఒకే ఒక్క ప్రశ్న "సూది చేతికా, పిర్రకా?"

క్లాస్ టీచర్‌కి ఒక్కరికి చెప్పి, బ్యాగులో చిన్న పౌచ్‌లో ప్యాడ్, లోదుస్తులు, ఒక కవర్ పెట్టండి, ప్యాడ్ ఎలా పెట్టుకోవాలో ఇంట్లో ఆదివారం ప్రాక్టీస్ చేయించండి. వదులు కాటన్ స్లిప్ వేస్తే నొప్పి తగులకుండా ఉంటుంది. ఒళ్లు ఎదిగినట్టు కనిపించే చిన్నపిల్లల మీద చెడు చూపు పడటం ఎక్కువ, కాబట్టి ఎవరు ఎక్కడ ముట్టుకోకూడదో, ముట్టుకుంటే ఎవరికి చెప్పాలో, చుట్టాలని కూడా మినహాయించకుండా చెప్పండి. పిల్లల సహాయానికి ఉన్న 1098 హెల్ప్‌లైన్ నంబరు పిల్లకి నోటికి రావాలి.

ఆయుర్వేదం, హోమియో, ఎత్తు పెంచే పొడులు?

గడియారాన్ని వెనక్కి తిప్పుతుందని రుజువైన పొడి ఏదీ లేదు. ఎత్తు పౌడర్లలో ఏం కలుపుతారో డబ్బా మీద సగం ఉండదు, హార్మోన్ కలిసిందంటే ఉన్నది ఇంకా పెంచుకున్నట్టే. టెస్టులకి ముందు మీరు ఇలాంటివి ఏం వాడినా, అత్తగారు తెచ్చిన లేహ్యం అయినా సరే, దాచకుండా డాక్టర్‌కి చెప్పండి.

మొదటిసారి వెళ్లేటప్పుడు ఏం పట్టుకెళ్లాలి?

పుట్టిన తేదీ, పుట్టినప్పటి బరువు, టీకాల కార్డు. అన్నిటికంటే విలువైనవి పాత ఎత్తులు, ఎక్కడ దొరికితే అక్కడ వెతకండి, స్కూల్ హెల్త్ కార్డులో, పాత డాక్టర్ చీటీల్లో. మా ఇంట్లో గుమ్మం చెక్క మీద ప్రతి పుట్టినరోజుకీ పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాసేవాళ్లం, నేను టేపుతో వాటిని కొలిచి కాగితం మీద రాసుకెళ్లా. ఆరు నుంచి ఏడుకి మధ్య 9 సెంటీమీటర్లు ఉంది, డాక్టర్ ఆ కాగితం మీద ఆ అంకె చుట్టూ సున్నా చుట్టి "ఇదిగోనమ్మా, ఇక్కడ మొదలైంది" అన్నారు. తల్లికి ఎన్నేళ్లకి వచ్చింది, అమ్మమ్మకి ఎప్పుడు, తండ్రి గొంతు ఎప్పుడు మారింది, ఇవి కూడా అడుగుతారు, ముందే కనుక్కుని వెళ్లండి, మా ఆయన అక్కడే వాళ్ల అమ్మకి ఫోన్ చేసి బయట కారిడార్లో నిలబడి అడిగారు, ఆవిడకి వినపడక ఆయన అరిచారు, కారిడార్ మొత్తం విన్నది.